మూలన ఉన్న అంకె

నా ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు తెర కుడి మూలన పచ్చరంగులో ఒక అంకె కనపడుతుంది. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తున్నామో చెప్పే అంకె అది. అరవై ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. పదిహేనేళ్లు నేను ఆ అంకెను చూసుకుంటూ బతికాను. ఇల్లు తగలబడుతున్నా మూలన అరవై ఉంటే నేను కుర్చీలోంచి లేవనని మా అక్క అమ్మాజీ దెప్పేది. వేళాకోళం అనుకునేవాణ్ణి.

కాకినాడ సినిమా రోడ్డులో నాకు వీడియో గేముల కొట్టు ఉండేది. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెలు అమ్మేవాణ్ణి, చెడిపోతే బాగుచేసేవాణ్ణి. కొన్నాళ్లకి ఆ పెట్టెలు రావడం మానేశాయి, వాటి విడిభాగాలూ దొరక్కుండా పోయాయి. పాత ఆటల మీద మమకారం చావక, మామూలు కంప్యూటర్ ఆ పాత పెట్టె వేషం కట్టేలా ఒక ప్రోగ్రాం రాశాను. ఎమ్యులేటర్ అంటారు దాన్ని. ఎక్కడెక్కడి వాళ్లో వాడుకుని వీరరాఘవులు ఘనుడని నన్ను మెచ్చుకున్నారు. కొట్టు మాత్రం మూతపడింది.

అక్క ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తుంది. ఆవిడకి రేచీకటితో మొదలై, నలభై దాటేసరికి రెండు కళ్లూ పోయాయి. అప్పుడు కాకినాడలో ఒక కంపెనీ వాళ్లు ఆవిడ కంటి వెనక గోరంత పలక అమర్చారు. కళ్లజోడులో కెమెరా, నడుముకి పెట్టె. కెమెరా చూసినదాన్ని కంటి నరానికి అర్థమయ్యే గీతలుగా, నీడలుగా మార్చి పంపడం ఆ పెట్టె పని. రాష్ట్రం మొత్తం మీద నలభై ఒక్కమందికి అలా చూపొచ్చింది. ఆరేళ్లకి కంపెనీ ఎత్తేశారు. పెట్టెలు ఒక్కొక్కటిగా చచ్చిపోవడం మొదలుపెట్టాయి. అక్క పెట్టె ఒకరోజు పప్పులో పోపు వేస్తుండగా ఆగిపోయింది.

దాన్ని విప్పి చూసి ముందు నవ్వాను, తరువాత ఏడ్చాను. లోపల ఉన్నది నేను కొట్లో అమ్మిన గేము పెట్టె చిప్పే. గబగబా బొమ్మలు గీస్తుందనీ, చవకనీ ఆ కంపెనీ వాళ్లు దాన్నే వాడేశారు. ఇప్పుడు దాన్ని తయారుచేసేవాడు లోకంలో లేడు. దాని వేషం కట్టించడం తెలిసినవాణ్ణి నేనున్నాను.

మూడేళ్లు పట్టింది. ఆ పలకలను తయారుచేసిన డాక్టర్ ఖుర్షీద్ కంపెనీ పోయినా ఆ నలభై ఒక్కమందిని వదల్లేదు. తన ఇంటి మేడ మీద రెండు గదులు ఖాళీ చేసి, ల్యాబ్ అని బోర్డు పెట్టింది. అక్కడ కూర్చుని నేను గేముల ఎమ్యులేటర్‌ని కంటి పెట్టె ఎమ్యులేటర్‌గా మార్చాను.

ప్రోగ్రాం ఒకటే. దాన్ని నడపాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు మూడు. తిప్పలన్నీ అక్కడే వచ్చాయి. ప్రోగ్రాంకీ, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పుకీ మధ్య డ్రైవర్ అనే దుబాసీ ఉంటాడు. సిస్టమ్ మారితే దుబాసీ మారతాడు, వాడి బుద్ధీ మారుతుంది. ల్యాప్‌టాప్‌లో మొదటి సిస్టమ్ ఎక్కిస్తే అంకె ముప్పై ఎనిమిది దాటలేదు. అదే ల్యాప్‌టాప్‌లో రెండో సిస్టమ్ ఎక్కిస్తే వేగం వచ్చింది గానీ, ఆ డ్రైవర్ వెలుగునీడలు తారుమారు చేసింది. అక్కకి గోడ గుమ్మంలా కనపడి నుదురు బొప్పి కట్టింది. మూడోది ఫోన్. ఫోన్లో నడిపిన రోజున మూలన అరవై వచ్చి కూర్చుంది. గంటసేపు చూశాను, కదల్లేదు. డాక్టరుగారు తాపేశ్వరం కాజాలు తెప్పించింది.

మిగిలినవాళ్ల పెట్టెల్లో సగం అప్పటికే పోయాయి. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి మా వంతు ఎప్పుడని అడుగుతున్నారు. అయినా తొందరపడకుండా ముందు ఇద్దరికే, నడుము పెట్టె బదులు వాళ్ల ఫోన్లోనే నడిచేలా ఎక్కించి ఇచ్చాం. ఒకరు అక్క. రెండో ఆవిడ మేరీ సుజాత, తుని దగ్గర హైవే పక్క బడిలో టీచరు. రెండు వారాలు బాగా నడిస్తే అందరికీ ఇచ్చేద్దామన్నది డాక్టరుగారు.

పదకొండో రోజు పొద్దున్న ఎలా ఉందో కనుక్కుందామని అక్కకి ఫోన్ చేశాను. అది రేకులు తీసే వేళ. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే కాగితంలా రేకు మిగులుతుంది. అంచు పట్టి లేపెయ్యాలి. అంతా రెప్పపాటు పని. అక్క ఫోన్ ఎత్తింది కానీ మాట రాలేదు. పళ్ల బిగువున మూలుగుతున్నట్టు వినపడింది.

మధ్యాహ్నానికి ఆత్రేయపురం చేరాను. కుడి అరచేయంతా బొబ్బలెక్కింది. తొందరపడ్డావా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"గుడ్డిదాన్నయి ఉన్న మూడేళ్లూ రేకులు తీశాన్రా. ఒక్క బొబ్బ లేదు. కళ్లొచ్చాక కాలింది" అంది అక్క. "నా చెయ్యి ఇంకా పైనే కనపడతంది. చూత్తే కుండ మీద ఉంది. అదీ నువ్వు ఫోన్ చేసినప్పుడే."

పనిలో ఉండగా ఫోన్ చేశానని తిడుతోందనుకున్నాను. అక్క తిట్లు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. సాయంత్రమంతా ఆవిడ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. అక్క కంటికి వెళ్లే బొమ్మే నా తెర మీదా కనపడుతుంది. బొమ్మ నీళ్లలా సాగుతోంది. మూలన అరవై. తప్పు ప్రోగ్రాంలో లేదని తీర్మానించుకుని నిద్రపోయాను.

తెల్లారి ఏడింటికి కాఫీ తాగుతుంటే ఆవిడ చివరి మాట మళ్లీ గుర్తొచ్చింది. అక్క తిట్టినప్పుడు తిట్టే తిడుతుంది, జరిగింది చెప్పినప్పుడు జరిగిందే చెబుతుంది. నిన్న గొంతులో తిట్టు లేదు.

కళ్లజోడు తెచ్చి గోడ గడియారానికి ఎదురుగా బల్ల మీద పెట్టాను. ల్యాప్‌టాప్ తెర మీద సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. నా ఫోన్ నుంచి అక్క ఫోన్‌కి కాల్ చేశాను.

తెర మీద ముల్లు ఆగిపోయింది.

గోడ మీద ముల్లు నడుస్తోంది. తెర మీదది ఆగి ఉంది. ఒకటి, రెండు. తరువాత ఒక్క గెంతు గెంతి కలుసుకుంది. అంతసేపూ మూలన అంకె అరవై. చలించలేదు.

మళ్లీ చేశాను. మళ్లీ అంతే. కాల్ వచ్చినప్పుడు పేరు, ఫొటో, ఆకుపచ్చ బటన్‌తో ఫోన్ తెర నిండా ఒక బొమ్మ లేస్తుందే, దాన్ని గీయడానికి డ్రైవర్ చిప్పునంతా అటు ఇచ్చేస్తోంది. ఆ రెండు సెకన్లూ నా ప్రోగ్రాం బొమ్మ అయిందా అని అడిగితే, అయిందండీ అయిందండీ అని పాత బొమ్మనే తిప్పి ఇస్తోంది. పని చెయ్యకుండా అయిందనే మనుషుల్ని చూశాను గానీ, యంత్రానికి కూడా ఆ జబ్బుందని అప్పుడే తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

అంత మంటలోనూ ఒక ప్రశ్న అడ్డం పడింది. డ్రైవర్ అబద్ధం ఆడింది సరే, మరి అంకె ఎందుకు పడిపోలేదు? ప్రతి బొమ్మకీ నా ప్రోగ్రాం ఒక వరస నంబరు వేస్తుంది. నంబరు పాతదైతే బొమ్మ పాతదని ఇట్టే తెలియాలి.

ప్రోగ్రాంలో ఆ చోటు తెరిచి చూశాను. కొట్టు రోజుల్లో నేను రాసిన వాక్యం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. బొమ్మ పాతదైతే పాతదే మళ్లీ చూపించు, దాన్నీ కొత్తదిగానే లెక్కలో కలుపు. ఆ రోజుల్లో అంకె యాభై తొమ్మిదికి దిగితే ఆడేవాళ్లు గోల పెట్టేవారు. గేములో ఒక బొమ్మ రెండుసార్లు పడితే ఎవరికీ ఏమీ కాదు. అందుకని అంకె ఎప్పుడూ పడకుండా ఏర్పాటు చేసి, చేసిన సంగతి మర్చిపోయాను. నేను పెట్టుకున్న అరవైని నేనే నమ్మాను.

గడియారం వంక చూశాను. అప్పటికి టైము ఎనిమిదీ పది. సుజాత రోజూ బడికి వెళ్తూ ఎనిమిదిన్నరకి హైవే దాటుతుంది.

డాక్టరుగారికి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాను. వెంటనే సుజాతకి ఫోన్ చేసి ఆపుతానంది. ఎవరికైనా వచ్చే ఆలోచనే అది.

"చెయ్యకండి" అన్నాను. "ఫోన్ మోగితేనే చూపు ఆగుతోంది. ఆవిడ ఇప్పటికే రోడ్డెక్కి ఉంటే మనమే చంపినట్టు."

మెసేజ్ పంపుదామా అంది. మెసేజ్ వచ్చినా తెర మీద ఏదో ఒకటి లేస్తుంది, దానికి ఎంతసేపు ఆగుతుందో నేను చూడలేదు. వద్దన్నాను. ఒక మనిషికి ప్రమాదమని తెలిసి, నంబరు చేతిలో ఉండి, నొక్కకుండా కూర్చోవడం ఎంత నరకమో ఆ పావుగంటలో తెలిసింది. డాక్టరుగారు బడి నంబరు వెతికి చేసింది. బడి తెరిచే వేళ కాలేదు, ఎవరూ ఎత్తలేదు. ఇక మిగిలింది కాగితాల్లో ఉన్న రెండో నంబరు. సుజాత భర్త ప్రభాకర్, అన్నవరం దగ్గర ఇటుకల బట్టీలో మేస్త్రీ. చుట్టుపక్కల ఎవరినైనా పరిగెత్తించమని అడుగుదామని నేనే చేశాను.

"ప్రభాకర్‌గారూ, సుజాతగారు ఇవాళ రోడ్డు దాటకూడదండి. కళ్లజోడులో తేడా వచ్చింది" అన్నాను.

అయ్యో అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ చెయ్యొద్దు అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ముందు చెప్పాల్సింది. మళ్లీ చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. అతను ఎవరితో మాట్లాడటానికి ప్రయత్నిస్తున్నాడో నాకు తెలుసు. గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై ఎనిమిది. అక్క బల్ల మీది కళ్లజోడు తీసి పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నా ముఖం వైపు చూస్తోంది. ఆవిడ చూసేది నా ముఖాన్నా, రెండు సెకన్ల కిందటి నా ముఖాన్నా అన్నది నాకు తెలియదు.

తొమ్మిదింటికి ప్రభాకరే చేశాడు. పాల వ్యాను గుద్దింది. మనిషి బతికుంది. ఎడమకాలు రెండు చోట్ల విరిగింది.

తునిలో ఆసుపత్రికి నేనూ డాక్టరుగారూ వెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది. సుజాత కళ్లజోడు తీసేసి, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అలికిడికి మేమని గుర్తుపట్టింది.

"రెండు పక్కలా చూసే దిగానండి. రోడ్డు ఖాళీగా ఉంది" అంది. "ఇంతలో ఫోన్ మోగింది. అప్పుడు కూడా ఖాళీగానే ఉందండి."

ప్రభాకర్ మంచం కాళ్ల దగ్గర స్టూలు మీద ఉన్నాడు. ఫోన్‌ని బోర్లా పెట్టి, దాని వంక చూడకుండా కూర్చున్నాడు. నా చేతులతోనే చేసుకున్నానండీ అని ఒక్క మాట అన్నాడు. అతన్ని వరండాలోకి తీసుకెళ్లి జరిగింది మొత్తం చెప్పాను. డ్రైవర్ గురించీ, కొట్టు రోజుల వాక్యం గురించీ, ఎన్నడూ పడిపోని అంకె గురించీ. ఫోన్ చేసింది మీరే అయినా, ఖాళీ రోడ్డు చూపించింది నేనన్నాను. కొడతాడేమోననుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. అతను నా మాట సగమే విన్నట్టున్నాడు. తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

ఫోన్ చిప్పు కంపెనీకి అన్ని రుజువులతో ఉత్తరం రాశాను. వైద్యపు పనులకి మా డ్రైవర్ ఉద్దేశించినది కాదని మూడు లైన్ల జవాబు వచ్చింది. వాళ్లని ఏమనాలి? మాది ఉద్దేశించినదేనా? గేముల కోసం పుట్టిన చిప్పు, గేముల కోసం రాసిన ప్రోగ్రాం, వాటి మీద మనుషులు.

కాల్స్ రాకుండా ఆపేయొచ్చు, అది ఆ ప్రమాదం రోజే ఆపేశాం. కానీ అలారం, బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక, ఎండకి వేడెక్కిన చిప్పు, ఇలా ఫోన్లో బొమ్మ ఆగడానికి వంద సాకులు. అన్నీ మూసెయ్యడం నా వల్ల కాదు. నా చేతిలో ఉన్నది ఒక్క వాక్యం. దాన్ని కొట్టేసి ఇంకోటి రాశాను. బొమ్మ పాతదైతే చూపించకు, నల్లగా ఉంచు, లెక్కలో కలపకు.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. నడుస్తున్న మనిషికి ఉన్నట్టుండి చీకటైపోతే భయపడి పడిపోతారంది. ఇంతకన్నా పాత బొమ్మే నయం, రెండు సెకన్లే కదా, కొందరు అసలు గమనించరంది. ఆవిడ మనసు నాకు తెలుసు. ఆ నలభై ఒక్కమందికీ చూపు ఇచ్చిన మనిషికి, మళ్లీ చీకటి ఇమ్మంటే చెయ్యి రాదు. వాదన తెగక ఇద్దరం అక్క దగ్గరికి వెళ్లాం.

అక్క చెయ్యి మానింది గానీ చర్మం బిగుసుకుపోయి వేళ్లు పూర్తిగా చాచలేకపోతోంది. పూర్వం గంటలో తీసే రేకులు ఇప్పుడు పూటంతా తీస్తోంది. మా ఇద్దరి మాటలూ విని, కుండ దగ్గరి నుంచి లేవకుండానే చెప్పింది.

"చీకటైతే ఆగుతానమ్మా, నాకు అలవాటే. కనపడతందనుకునే కదా చెయ్యి పెట్టాను."

డాక్టరుగారు ఆవిడ చెయ్యి అందుకుని, చాచలేని వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు, నల్లగా అయ్యే ముందు చెవిలో చిన్న బీప్ పెట్టగలరా అని అడిగింది. ముందు తెలియదు, అయ్యాకే తెలుస్తుంది అన్నాను. సరే, అయ్యాకే పెట్టండి అంది.

కొత్తది అందరికన్నా ముందు ఎవరికివ్వాలో మాకు అనుమానం లేదు. తీసుకుంటుందో లేదోనన్నదే భయం. మూడు నెలల తరువాత తుని వెళ్లాం. సుజాత చంకలో కర్రతో గుమ్మంలోకి వచ్చింది. నేను తయారుచేసుకున్న క్షమాపణ సగం కూడా చెప్పనివ్వలేదు. పిల్లలకి ఈ మూడు నెలలూ పాఠాలు పోయాయండి, పెట్టండి చూద్దాం అంది.

కళ్లజోడు పెట్టుకుంది. ల్యాప్‌టాప్ తెర మీద ఆవిడ పెరడు కనపడింది, ఆరేసిన బట్టలు, మునగచెట్టు. అంకె ఇప్పుడు నిజం చెబుతోంది కాబట్టి ఒకచోట ఉండటం లేదు. యాభై ఒకటి, నలభై ఏడు, యాభై నాలుగు. కాల్స్‌కి వేసిన అడ్డు తీసెయ్యమంది సుజాత. తీశాను. ఆవిడ కర్ర ఊతంతో పెరట్లో నాలుగడుగులు వేసి భర్తను పిలిచింది.

"నాకు ఫోన్ చెయ్యండి" అంది.

ప్రభాకర్ కదల్లేదు. ఆ రోజు నుంచీ భార్యకి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదని, బట్టీ దగ్గర్నుంచి ఏదైనా చెప్పాలంటే సైకిలేసుకుని వస్తున్నాడని తరువాత తెలిసింది. నేను చేస్తానని ముందుకొచ్చాను. మీరు కాదండి అంది సుజాత.

అతను ఫోన్ తీశాడు. నంబరు నొక్కడానికి వేలు రెండుసార్లు వెనక్కి పోయింది. సుజాత అతని కోసం ఆగకుండా నడుస్తూనే ఉంది. ఎదురుగా బట్టల తీగ, దాని కింద బక్కెట్టు. నేను తెర వంక చూస్తున్నాను.

ఫోన్ మోగింది.

తెర నల్లబడింది. సుజాత చెవి దగ్గర బీప్ మోగింది. మూలన అంకె యాభై రెండు నుంచి సున్నాకి పడిపోయింది. సుజాత వెయ్యబోయిన అడుగును అలాగే పట్టి ఉంచి, కర్ర నేలకి అదిమి నిలబడిపోయింది. బక్కెట్టు ఆవిడ కాలికి జానెడు దూరంలో ఉంది.

"చీకటి పడిందండి" అంది. "ఆగాను."

ప్రభాకర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఏడుస్తున్నాడు. డాక్టరుగారు గోడకి తిరిగి నిలబడింది. పదిహేనేళ్లలో ఆ అంకె సున్నా అవ్వగా చూసి నేను సంతోషపడటం అదే మొదటిసారి. ఒక మనిషి చీకటి పడిందంటే కళ్లు తుడుచుకుని నవ్వాను.

రెండు సెకన్లకి బొమ్మ తిరిగొచ్చింది. బక్కెట్టును చూసి, పక్కనుంచి అడుగేసి, సుజాత తీగ మీది బట్టలు తియ్యడం మొదలుపెట్టింది.